బాయి జీతం, బజారు పెట్టుబడి

గోదావరిఖని బజారుకు దసరా ఒక పండుగైతే, దానికి ముందు సింగరేణి లాభాల వాటా పడే రోజు అంతకంటే పెద్ద పండుగ. 2018-19 లాభాల్లో 28 శాతం పంచినప్పుడు కార్మికుడికి సగటున లక్ష రూపాయల పైచిలుకు ముట్టింది. 2024-25కు ఆ వాటా 34 శాతమైంది, మొత్తం 819 కోట్లు. ఆ డబ్బు కొత్తగూడెం నుంచి మంచిర్యాల దాకా కోల్‌బెల్టు అంతటికీ చెందినదే అయినా, అందులో ఖని బజారుకు చేరేది తక్కువేమీ కాదు. లక్ష్మీనగర్ బట్టల కొట్లు, బంగారం దుకాణాలు సరుకు దింపుకునేది ఆ తేదీ చూసుకునే. ఈ ఊళ్లో చిరు వ్యాపారికి పెట్టుబడి పెట్టింది మొదటి నుంచీ బాయే, అంటే బొగ్గు గనే. పురపాలక సంఘం ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది. వచ్చీరాగానే చేసిన పని కూడా ఇవ్వడం కాదు, వసూలు చేయడం.

ఇల్లెందు దగ్గర జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టింది 1871లో. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది, 1920లో పేరు మార్చుకుని సింగరేణి అయింది. గోదావరి ఒడ్డుకు ఈ చరిత్ర చాలా తర్వాత చేరింది. కాజీపేట-బల్లార్షా రైలు మార్గం 1929లోనే పూర్తయినా, ఇక్కడ బాయిలు తెరిచేసరికి 1960 దగ్గరికొచ్చింది. ఊరి పేరులోనే గని ఉంది, బాయిల తర్వాతే ఊరు పుట్టింది. కాలనీల పేర్లు చూడండి: ఫైవ్ ఇంక్లైన్, ఎయిట్ ఇంక్లైన్, పవర్‌హౌస్ కాలనీ. క్వార్టరు, నల్లా, కరెంటు, దవాఖాన, బడి అన్నీ కంపెనీవే. అంతకుముందే, 1947 నాటి బొగ్గుగని కార్మిక సంక్షేమ నిధి చట్టం టన్నుకింతని పన్ను వేసి కార్మికుల ఇళ్లకు, వైద్యానికి దారి చూపింది. మామూలు ఊళ్లో మున్సిపాలిటీ చేయాల్సిన పనులు ఇక్కడ కంపెనీ చేసిపెడుతుంటే, ఇక మిగిలింది చౌరస్తా, సంత, రోడ్డు పక్క బండ్లు.

అక్కడ మున్సిపాలిటీ చేతికి దొరికిన పనిముట్టు తైబజారు. రోడ్డు మీద, సంతలో కూర్చుని అమ్ముకునేవాళ్ల దగ్గర రోజువారీ రుసుం వసూలు చేసే హక్కును మన మున్సిపాలిటీలు ఏటా వేలం వేసేవి. ఎక్కువ పాడినవాడు కాంట్రాక్టరు. వాడి మనిషి పొద్దున్నే రసీదు పుస్తకం పట్టుకుని గంప గంపకూ తిరుగుతాడు. బోణీ అయిందా లేదా అన్నది వాడికి అనవసరం. కూరగాయలమ్మే ఆమెకు దశాబ్దాలపాటు ఊరి పాలనతో ఉన్న సంబంధమంతా ఆ చీటీ ముక్కలోనే ఉంది.

జీతగాళ్ల ఊరికి దక్కాల్సిన మరో ఆదాయం చేజారిన తీరు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వృత్తి పన్ను ఒకప్పుడు స్థానిక సంస్థల పన్ను. 1987 చట్టంతో రాష్ట్రమే దాన్ని చేతిలోకి తీసుకుంది, స్థానిక సంస్థలకు వాటా వస్తుందన్నది కాగితం మీది మాట. ఇప్పుడు నెలకు 20 వేలు దాటిన జీతం మీద రూ. 200 కోత పడుతుంది. మాటవరసకు పదివేల మంది ఉద్యోగులనుకుంటే ఏడాదికి 2 కోట్ల 40 లక్షలు. సింగరేణి, ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం పక్కపక్కనే ఉన్న ఊరికి ఇది చిన్న మొత్తం కాదు. సొంత రాబడి లేని మున్సిపాలిటీ చిరు వ్యాపారులకు ఏ నిధి పెడుతుంది? 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, 12వ షెడ్యూలులో ఆర్థికాభివృద్ధి ప్రణాళికను, పట్టణ పేదరిక నిర్మూలనను మున్సిపాలిటీల పనిగా చేర్చింది. పని చేర్చారు సరే, పైకం చేర్చలేదు.

అదే దశకంలో కింద నేల కదిలింది. సింగరేణి రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు (బీఐఎఫ్ఆర్) గడప తొక్కింది. 1990 ప్రాంతంలో లక్షా 16 వేలున్న కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణలతో, యంత్రాలతో, ఓపెన్‌కాస్టులతో తగ్గుతూ 2014కు 61 వేల దగ్గరికి, ఇప్పుడు సుమారు 40 వేలకు వచ్చారు. బొగ్గు మాత్రం పెరిగింది: 2023-24లో 7 కోట్ల టన్నులు. టన్నులు పెరిగితే కంపెనీకి లాభం, మనుషులు తగ్గితే మిర్చి బండికి నష్టం. ఈ రెండూ ఒకే లెక్కపుస్తకంలో కనిపించవు. దానికి తోడు 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. మళ్లీ ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో యూరియా బయటికొచ్చింది 2021లో. మధ్యలో ఇరవై రెండేళ్లు ఆ గేటును నమ్ముకున్న చాయ్ హోటళ్లు, కిరాణా కొట్లు ఏమయ్యాయో ఏ ప్రణాళికా పత్రమూ అడగలేదు.

బ్రిటన్‌లో బొగ్గు గనులు మూసేటప్పుడు జాతీయ బొగ్గు బోర్డు 1984లో ఒక అనుబంధ సంస్థను పెట్టి, గని ఊళ్లలో చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చింది. అదేదో అద్భుతం చేసిందని కాదు. మూసినవాడికి ఊరి పట్ల బాకీ ఉందన్న ఒప్పుకోలు మాత్రం అందులో ఉంది. ఇక్కడ స్వచ్ఛంద విరమణకు ఇచ్చిన గోల్డెన్ హ్యాండ్‌షేక్ డబ్బు కార్మికుడి చేతికి వచ్చింది, కూతురి పెళ్లికో ఇంటికో పోయింది. బజారుకు విడిగా ఏమీ రాలేదు. సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల ఆడవాళ్లకు కుట్టు పని లాంటివి నేర్పింది, అది మంచి పనే. అయితే కుట్టు నేర్చినామెకు మిషను కొనే డబ్బు కావాలి, పెట్టుకునే చోటు కావాలి.

ఆ డబ్బు పేరుతో మున్సిపల్ ఆఫీసు గడప దాకా వచ్చిన చెప్పుకోదగ్గ పథకం స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన. 1997 డిసెంబరు 1న మొదలైంది, మూడొంతులు కేంద్రానివి, ఒక వంతు రాష్ట్రానిది. 50 వేల లోపు యూనిట్‌కు 15 శాతం సబ్సిడీ, అదీ 7,500 మించకుండా. పదిమంది ఆడవాళ్లు గ్రూపు కడితే సబ్సిడీ సగం, లక్షా పాతికవేల దాకా. మున్సిపాలిటీ లబ్ధిదారుల జాబితా పంపేది, అప్పు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు మేనేజరు ఇష్టం. సంతకం ఒకరిది, తాళంచెవి మరొకరిది. తర్వాత 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా వచ్చింది. మురికివాడల సంఘాలు, పట్టణ సమాఖ్యలు ఏర్పడ్డాయి, పావలా వడ్డీ, ఆపై వడ్డీ లేని రుణాలు వచ్చాయి. గోదావరిఖని ఉన్న రామగుండం మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది 2009లో. హోదా పెరిగినా చిరు వ్యాపారానికి వచ్చే ప్రతి రూపాయీ హైదరాబాదు నుంచో ఢిల్లీ నుంచో రావాల్సిందే.

నా దృష్టిలో ఇన్నేళ్లలో బజారుకు సూటిగా తగిలిన పథకం 2020 జూన్ 1న వచ్చిన పీఎం స్వనిధి. కరోనా లాక్‌డౌన్‌లో బండ్లు మూలకు చేరాక వచ్చింది. పూచీ అక్కర్లేదు, 2025 దాకా మొదట 10 వేలు, కట్టేస్తే 20 వేలు ఇచ్చేవారు, ఆ తర్వాత 50 వేలు, వడ్డీలో 7 శాతం కేంద్రం తిరిగి వేస్తుంది. దీని విలువ తెలియాలంటే పక్కనే గిరిగిరి లెక్క పెట్టి చూడాలి. గిరిగిరి అంటే కోల్‌బెల్టు బండ్లవాళ్లకు వివరించక్కర్లేదు. వడ్డీ వ్యాపారులు 10 వేలు రాసుకుని ముందే వెయ్యి పట్టుకుని 9 వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు. పైకి పదో వంతే కదా అనిపిస్తుంది. రోజురోజుకూ అసలు తరుగుతూ ఉంటుంది కాబట్టి ఏడాది లెక్కన వడ్డీ నూటికి 80 దరిదాపుల్లో తేలుతుంది. స్వనిధిలో అదే 10 వేలకు నెలకు 900 లోపు కిస్తీ, పన్నెండు నెలలు. తేడా తెలిసినవాళ్లే అయినా గిరిగిరి పూర్తిగా పోలేదు. ఎందుకంటే గిరిగిరివాడు సాయంత్రం ఏడింటికి బండి దగ్గరికే వస్తాడు, బ్యాంకు రమ్మన్నప్పుడు బేరం వదులుకుని మనమే వెళ్లాలి. మెప్మా రిసోర్స్ పర్సన్లు (ఆర్పీలు) బండి బండికీ తిరిగి ఫొటోలు తీసి, వివరాలు ఎక్కించి ఈ ఎడం కొంత పూడ్చారు.

బొగ్గు డబ్బులోనే ఊరికి ఇంకో పాయ తెరుచుకుంది. 2015 గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి ట్రస్టులు వచ్చాయి. పాత లీజుదారులు రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం మేర ఈ ట్రస్టుకు కట్టాలి. నిబంధనల్లో నైపుణ్య శిక్షణ, జీవనోపాధి కూడా ప్రాధాన్యాల్లోనే ఉన్నాయి. కాకపోతే పగ్గాలు జిల్లా యంత్రాంగం దగ్గర ఉంటాయి, కార్పొరేషన్ అడిగేవాళ్లలో ఒకటి. అడిగేటప్పుడు కూడా రోడ్డు, డ్రెయినేజీ అడగడం సులువు, టెండరు పిలిస్తే పని కళ్లకు కనిపిస్తుంది. కుట్టు మిషనుకు శిలాఫలకం ఉండదు కదా.

అసలు కార్పొరేషన్ చేతిలో డబ్బుకంటే బలమైన వస్తువు ఒకటుంది, అది జాగా. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ వెండింగ్ కమిటీ వేసి, సర్వే చేసి, గుర్తింపు కార్డులిచ్చి, అమ్ముకునే చోట్లు ఖరారు చేయమంది. చౌరస్తాలో మంచి చోటు దొరికిన బండికి 50 వేల అప్పుకంటే అదే పెద్ద పెట్టుబడి. ఇక్కడే మళ్లీ కంపెనీ అడ్డొస్తుంది. కోల్‌బెల్టు ఊళ్లలో ఇళ్లు, కొట్లు చాలావరకు సింగరేణి భూముల్లో లేచినవే. నలభై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నా చేతిలో కాగితం ఉండదు, కాగితం లేకపోతే బ్యాంకు ఆ గోడలను తాకట్టుగా లెక్కలోకి తీసుకోదు. సింగరేణి ప్రభుత్వానికి వదిలేసిన స్థలాల్లో ఇళ్లకు పట్టాలిచ్చేందుకు వచ్చిన జీవో 76ను కోల్‌బెల్టులో ఎన్నికల మాటగానే చూస్తారు. దాన్ని వ్యాపార పెట్టుబడిగా చూసినవాళ్లు తక్కువ. ముందు గదిలో కిరాణా, వెనక గదిలో కాపురం ఉండే ఇంటికి పట్టా చేతికొస్తే, ఏ పథకం సబ్సిడీతోనూ రానంత అప్పు దాని మీద పుడుతుంది.