బైపాస్ ఆయిల్ ఫిల్టర్: ఇది పెట్టిస్తే కారుకు ఇంజిన్ ఆయిల్ మార్చక్కర్లేదా?.. అసలు లెక్క ఇదీ!

కారు సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ బిల్లులో ముందుగా కంట్లో పడేది ఇంజిన్ ఆయిల్ ఖర్చే. అందుకే 'ఈ ఫిల్టర్ ఒక్కటి పెట్టించుకుంటే ఆయిల్ మార్చే పనే ఉండదు' అని ఎవరైనా చెబితే ఆశ పుట్టడం సహజం. కంపెనీ ఇచ్చే ఫిల్టర్ కాకుండా బయట కొని అదనంగా బిగించుకునే ఈ పరికరమే బైపాస్ ఆయిల్ ఫిల్టర్. ఆయిల్‌ని ఇది బాగా శుభ్రం చేస్తుందన్నది నిజమే. కానీ శుభ్రంగా ఉన్న ఆయిల్ వేరు, పనిచేసే ఆయిల్ వేరు. ఈ తేడా తెలియకపోతే ఆయిల్ దగ్గర మిగిల్చిన డబ్బు ఇంజిన్ పనికి పెట్టాల్సి వస్తుంది.

బైపాస్ ఫిల్టర్ ఎలా పనిచేస్తుంది?

కారులో మామూలుగా ఉండేది ఫుల్ ఫ్లో ఫిల్టర్. ఆయిల్ పంపు తోసే ఆయిల్ మొత్తం దీని గుండానే బేరింగులకు, ఇతర భాగాలకు వెళ్తుంది. ఆయిల్ ఎక్కడా ఆగకూడదు కాబట్టి దీని జల్లెడ మరీ సన్నగా ఉండదు. సాధారణంగా 20 నుంచి 40 మైక్రాన్ల సైజున్న రేణువులను ఇది బాగా పట్టుకుంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది.

బైపాస్ ఫిల్టర్ దారి వేరు. పంపు నుంచి వచ్చే ఆయిల్‌లో సుమారు 5 నుంచి 10 శాతాన్ని ఒక సన్నని పైపు ద్వారా పక్కకు తీసుకుంటుంది. చాలా దట్టమైన ఎలిమెంట్ గుండా నెమ్మదిగా వడకట్టి, మళ్లీ ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌లోకి వదిలేస్తుంది. ఒంట్లో రక్తాన్ని కిడ్నీలు వడకట్టినట్టు కొంచెం కొంచెంగా ఆయిల్ అంతా పదేపదే దీని గుండా వెళ్తుంది. మంచి రకం ఫిల్టర్లు 2, 3 మైక్రాన్ల రేణువులను కూడా ఆపగలవు.

బైపాస్ వాల్వ్, బైపాస్ ఫిల్టర్ ఒకటేనా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మామూలు ఫిల్టర్‌లో లేదా దాన్ని బిగించే చోట ఒక చిన్న బైపాస్ వాల్వ్ ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా ఈ వాల్వ్ తెరుచుకుని ఆయిల్‌ని వడకట్టకుండానే ఇంజిన్‌కి పంపుతుంది. ఆయిల్ అసలు అందకపోవడం కంటే మురికి ఆయిల్ అందడమే నయం కదా! పేరు కలిసినా దీనికీ, బైపాస్ ఫిల్టర్‌కీ సంబంధం లేదు.

ఇదేం కొత్త టెక్నాలజీ కాదు

1923లో అమెరికాకు చెందిన ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్ 'ప్యూరోలేటర్' పేరుతో కార్లకు ఆయిల్ ఫిల్టర్ తెచ్చారు. తొలినాళ్ల ఫిల్టర్లు చాలావరకు బైపాస్ పద్ధతిలోనే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫుల్ ఫ్లో ఫిల్టర్లు వాటి స్థానంలోకి వచ్చాయి. పెద్ద డీజిల్ ఇంజిన్లలో మాత్రం బైపాస్ పద్ధతి ఎప్పుడూ పోలేదు. కమ్మిన్స్ వంటి కంపెనీల ఇంజిన్లకు రెండు పనులూ ఒకే డబ్బాలో చేసే ఫిల్టర్లు కూడా ఉన్నాయి.

లాభం ఉందని తేల్చిన పరీక్షలు

ఇంజిన్‌లో భాగాల మధ్య ఆయిల్ పొర కొన్ని మైక్రాన్ల మందమే ఉంటుంది. అదే సైజులో ఉన్న దుమ్ము, లోహపు రజను ఆ సందులో చేరితే గరుకు కాగితంలా అరగదీస్తాయి. జనరల్ మోటార్స్ పరిశోధన ఆధారంగా 1988లో వచ్చిన పత్రంలో ఈ విషయం తేలింది. 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్ల ఫిల్టర్‌తో ఇంజిన్ అరుగుదల సగానికి, 15 మైక్రాన్ల ఫిల్టర్‌తో 70 శాతం వరకు తగ్గింది.

అమెరికా ఇంధన శాఖకు చెందిన ఇడాహో ల్యాబ్ 2002 నుంచి తన డీజిల్ బస్సులకు బైపాస్ ఫిల్టర్లు బిగించి పరీక్షించింది. అంతకుముందు వాటికి 12,000 మైళ్లకు, అంటే సుమారు 19,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చేవారు. ఫిల్టర్లు పెట్టాక ఆయిల్ శాంపిల్స్‌ను ల్యాబ్‌లో పరీక్షించి, పాడైందని తేలితేనే మార్చారు. దాంతో ఆయిల్ వాడకం భారీగా తగ్గింది. అయితే అవి నిత్యం దూరాలు తిరిగే బస్సులు, పైగా ప్రతి నిర్ణయం వెనుక ల్యాబ్ రిపోర్టు ఉంది. ఈ రెండు విషయాలు మర్చిపోకూడదు.

ఫిల్టర్ చేయలేని పనులు ఇవే

- ఆయిల్‌లో యాసిడ్‌ని విరిచే, మురికిని కడిగే రసాయనాలు కలిపి ఉంటాయి. వాడేకొద్దీ అవి ఖర్చైపోతాయి. ఏ ఫిల్టరూ వాటిని తిరిగి పుట్టించలేదు.
- ఆయిల్‌లో కలిసిన పెట్రోల్, డీజిల్‌ని ఇది వేరు చేయలేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే తక్కువ దూరం ప్రయాణాల్లో ఈ సమస్య ఎక్కువ.
- వేడికి, గాలికి ఆయిల్ పాతబడటాన్ని ఆపలేదు. కాగితం ఎలిమెంట్లు కొంత తేమను పీల్చుకున్నా దానికీ హద్దు ఉంటుంది.
- డీజిల్ మసిలో విడి రేణువులు ఒక మైక్రాన్ కంటే చాలా చిన్నవి. అవి గుంపుకట్టి పెద్దవైతేనే ఫిల్టర్‌కి చిక్కుతాయి.

ఆయిల్ రంగు చూసి నిర్ణయించడమూ సరికాదు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజులకే నల్లబడుతుంది. అలాగని పాడైనట్టు కాదు. తేటగా కనిపించిన ఆయిల్‌లో రసాయనాలు అయిపోయి ఉండొచ్చు కూడా.

మామూలు కారుకు లెక్క ఎందుకు కుదరదు?

మన దగ్గర చాలా పెట్రోల్ కార్లకు కంపెనీలు చెప్పే గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది.. ఏది ముందైతే అది. రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగే కారు ఏడాదికి 10,000 దాటదు. అంటే ఆయిల్ మార్చాల్సింది కిలోమీటర్లను బట్టి కాదు, క్యాలెండర్‌ని బట్టి. ఆ గడువును ఫిల్టర్ పొడిగించలేదు.

పైగా కిట్, పైపులు, బిగింపు కూలి, ఎప్పటికప్పుడు మార్చాల్సిన ఎలిమెంట్, ల్యాబ్ పరీక్షలు.. అన్నీ అదనపు ఖర్చులే. చిన్న కారులో పట్టేది మూడు, నాలుగు లీటర్ల ఆయిల్. ఏడాదికో ఆయిల్ మార్పు మిగిలినా పెట్టుబడి తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. అదే 20, 30 లీటర్ల ఆయిల్ పట్టే లారీకైతే ఒక్క మార్పు తప్పినా మిగిలేది పెద్ద మొత్తమే.

వారంటీ సంగతేంటి?

కంపెనీ అనుమతి లేని మార్పుల వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదని కార్ల కంపెనీలు షరతుల్లోనే రాస్తాయి. ఆయిల్ గడువు దాటించడం మరో సాకు అవుతుంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వాడారన్న ఒక్క కారణంతో వారంటీ కాదనడానికి వీల్లేదు. 'వారంటీకి ఇబ్బంది లేదు' అని అమెరికా కిట్ల మీద కనిపించినా ఆ చట్టం మన దేశంలో చెల్లదు.

బిగింపులో తేడా వస్తే ప్రమాదమే!

ఈ ఫిల్టర్‌కి ఆయిల్‌ని సాధారణంగా ఆయిల్ ప్రెజర్ స్విచ్ దగ్గర నుంచి తీసుకుంటారు. అంటే పైపులో ఎప్పుడూ ప్రెజర్ ఉంటుంది. పైపు ఊడినా, రాపిడికి తెగినా ఆయిల్ బయటకు పోయి, నిమిషాల్లో ఇంజిన్ సీజ్ కావొచ్చు. వేడి సైలెన్సర్ పైపు మీదో, టర్బో మీదో ఆయిల్ పడితే మంటలు అంటుకునే ముప్పూ ఉంది. ఆయిల్‌ని కొంచెమే వదిలే సన్నని రంధ్రం లేని నాసిరకం కిట్ బిగిస్తే ఐడ్లింగ్‌లో ప్రెజర్ పడిపోతుంది.

మరి ఎవరికి ఉపయోగం?

రోజూ వందల కిలోమీటర్లు తిరిగే లారీలు, బస్సులు, గంటల తరబడి ఆగకుండా పనిచేసే జనరేటర్లు, బోర్‌వెల్ బండ్లు, హార్వెస్టర్లకు ఇది పనికొస్తుంది. వారంటీ అయిపోయి, ఎక్కువగా తిరిగే డీజిల్ ట్యాక్సీల యజమానులూ ఆలోచించవచ్చు. అయితే పెట్టించాక కూడా ల్యాబ్ రిపోర్టు లేకుండా ఆయిల్ గడువు పెంచకూడదు. రిపోర్టులో చిక్కదనం, యాసిడ్‌ని విరిచే శక్తిని చెప్పే టీబీఎన్, కలిసిన ఇంధనం, ఇనుము, సిలికాన్ చూడాలి. సిలికాన్ పెరిగిందంటే దుమ్ము లోపలికి వస్తోందని అర్థం. అప్పుడు ముందు చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్‌నే.

సొంత కారు ఉన్నవాళ్లకు ఇంతకంటే చవకైన దారి ఉంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిల్ వాడటం, ప్రతిసారీ ఆయిల్‌తో పాటు మంచి ఫిల్టర్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంచడం. ఎక్కువగా ట్రాఫిక్‌లో, దుమ్ములో నడిచే బండికి గడువు ఇంకా ముందే వస్తుందని చాలా మాన్యువళ్లలో ఉంటుంది. ఆ పేజీ ఒకసారి చదివి, డిప్‌స్టిక్ తీసి నెలకోసారి ఆయిల్ లెవెల్ చూసుకుంటే చాలు.. దీనికి పైసా ఖర్చు లేదు.