పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు

2019 అక్టోబరు 2, గాంధీ జయంతి సెలవు. నంద్యాలలో ‘సైరా నరసింహారెడ్డి’ మొదటిరోజు ఆట చూసి నేనూ మా మేనమామా బయటికొచ్చాం. మాది కోయిలకుంట్ల దగ్గరి పల్లె. నరసింహారెడ్డి పాటను మామ చిన్నప్పట్నుంచీ విన్నాడు, కలుపు తీసేవాళ్ళు పాడగా, ఇంటింటికీ తిరిగే గాయకులు పాడగా. సినిమాకు పేరిచ్చింది కూడా ఆ పాటే. బస్టాండు దగ్గర టీ తాగుతూ చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆఖరికి, “బాగనే తీసినార్రా. కానీ ఆయప్ప యాడ?” అన్నాడు.

నాకూ అదే అసంతృప్తి. సూపర్‌హీరో సినిమా రెండో భాగానికి పోయి నీరుగారిపోయిన పిల్లల బాధ లాంటిది. మాకు మొదటి భాగం ఆ పాట. సినిమా దానికి కొనసాగింపు అవుతుందనుకున్నాం. పాట పొగిడింది, నిజమే. పొగడకుంటే అది పాటెట్లా అవుతుంది? కానీ ఆ పాటలోని మనిషిని మేం మా ఊరి దారుల్లోనే ఊహించుకునేవాళ్ళం. సినిమాలో ఆయన నీటి అడుగున కూడా కొట్లాడతాడు. ఆయన కథను ఝాన్సీ లక్ష్మీబాయి చెప్తుంది, సాయానికి తమిళదేశం నుంచి రాజా పాండి వస్తాడు. మనిషి ఎంత పెద్దవాడైతే ఊరు అంత చిన్నదైపోయింది.

అసలు కథ ఒక చిన్న లెక్కతో మొదలవుతుంది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ళ కోటలూ బలగాలూ ఊడగొట్టి, దారికొచ్చినవాళ్ళకు తవర్జీ, అంటే నెలనెలా భరణం, ఏర్పాటు చేశాడు. ఉయ్యాలవాడ కుటుంబానికి వచ్చింది నెలకు 70 రూపాయలు. అందులో చిన్నాయన వాటా సగం. మిగిలిన 35ను ముగ్గురు అన్నదమ్ములు పంచుకోవాలి. అణాకు 12 పైసల లెక్కన భాగించి చూడండి: 11 రూపాయల 10 అణాల 8 పైసలు. చరిత్ర పుస్తకాల్లో నరసింహారెడ్డి తవర్జీ అని కనిపించే అంకె సరిగ్గా ఇదే, పైసా తేడా లేదు. తాత, నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి చనిపోయాక ఆ వైపు భరణం మనవడికి దక్కనివ్వలేదు.

1846లో ఈ కాస్త డబ్బు కోసం మనిషిని కోయిలకుంట్ల ఖజానాకు పంపితే, తాసీల్దారు రాఘవాచారి అవమానించి తిప్పి పంపాడు. జులైలో నరసింహారెడ్డి బలగంతో ఆ ఖజానా మీద పడ్డాడు. తాసీల్దారు తల తెగింది. మొదట చచ్చింది తెల్లదొర కాదు, తెలుగు రెవెన్యూ ఉద్యోగి. సినిమాకు ఇది ఇబ్బంది. తెల్లవాణ్ణి నరికితే హాలంతా ఈల వేస్తుంది, పింఛను కోసం గొడవపడితే ఎవరు వేస్తారు? కానీ నాకు రోషం అర్థమయ్యేది ఇక్కడే. తాతల నాటి రాజ్యం మొత్తం ఒక రసీదు కాగితానికి కుదించుకుపోయి, ఆ కాగితం పట్టుకుని నిలబడితే కూడా పొమ్మనడం! నెల మొదట్లో తాలూకా ఆఫీసు గడప దగ్గర కూచున్న ముసలోళ్ళను చూసినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక్కడి తవర్జీ కోసమే అయితే అంతమంది వెంట నడిచేవాళ్ళు కారు. ఊళ్ళ కావలి కాసే కట్టుబడివాళ్ళు జీతానికి బదులు ఇనాం భూములు అనుభవించేవాళ్ళు. కావలికి తన పోలీసులున్నారని కంపెనీ ఆ భూములను ఒక్కొక్కటిగా వెనక్కి లాక్కుంటూ వచ్చింది. చెరువులు బాగుచేసినందుకు ఇచ్చిన దశబంధం ఇనాములకూ అదే గతి. పాలెగాడికి పరువు పోతే వీళ్ళకు కూడే పోయింది. వడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న లాంటి రెండు మూడు పేర్లు మనకు మిగిలాయి. తిరుగుబాటు అణిగాక వారెంట్లు జారీ అయింది 901 మందిపైన, శిక్ష పడింది 112 మందికి. వాళ్ళలో కొందరిని అండమాన్‌కు పంపారని అక్కడక్కడా రాస్తుంటారు. అండమాన్‌లో ఖైదీల వలస మొదలైందే 1858లో. ఆ 112 మందిలో ఒక్కడి ఇంటికైనా కెమెరా పోయుంటే, రాజా పాండి లేని లోటు ఎవరికీ తెలిసేది కాదు.

డబ్బు గొడవతో వీరుడు చిన్నబోతాడనే భయం అక్కర్లేదు. శివాజీ గణేశన్ 1959 సినిమా ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ను మా పెద్దవాళ్ళు తెలుగులోనే చూశారు. కట్టబొమ్మన్ కూడా పాలెగాడే, ఉరికంబం ఎక్కింది 1799లో. ఆ సినిమాలో జనం మరిచిపోనిది కత్తియుద్ధం కాదు, కిస్తీ ఎందుకు కట్టాలని దొరను నిలదీసే సన్నివేశం. అన్నట్టు, ఈ సంవత్సరం చూశాక కూడా ‘తొలి స్వాతంత్ర్య సమరయోధుడు’ ఎవరన్న పందెం ఎందుకో నాకర్థం కాదు.

చిరంజీవి కష్టపడలేదని అనను. ఉయ్యాలవాడ పేరు దేశమంతా తెలిసిందంటే ఆ సినిమా వల్లనే. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టినప్పుడు, ఆయన ఎవరని అడిగినవాళ్ళు తక్కువ. విడుదలకు ముందు కోర్టులో దర్శకుడే ఇది బయోపిక్ కాదని చెప్పుకున్నాడు. ఆ మాట మేం ముందే చెవిన వేసుకోవాల్సింది.

నిజమైన రెండో భాగం ఒకటుంది. 1846 అక్టోబరు 6న పేరుసోముల కొండ దగ్గర పట్టుబడిన నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, జుర్రేరు గట్టున, జనం చూస్తుండగా ఉరితీశారు. తలను కోటకు వేలాడదీశారు. 1877 దాకా, ముప్పై ఏళ్ళు, అది అట్లనే ఉంది. ఈ మధ్యలో 1866 కరువు వచ్చింది. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోశాడు. విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకం వచ్చింది. ఒకే ఊరు. ఒక రెడ్డి తల కోటగుమ్మానికి వేలాడుతుండగానే ఇంకో రెడ్డికి అదే సర్కారు పతకం తొడిగింది. గంజి కోసం ఉయ్యాలవాడకు నడిచినవాళ్ళలో కోయిలకుంట్ల మీదుగా పోయినవాళ్ళూ ఉండి ఉంటారు.

ఇది చెప్తే మామ గ్లాసు కింద పెట్టి, “ఆ తలకాయ కింద నుంచే పోయింటారు గదా, ఆకలితో. పైకి చూసింటారంటావా?” అన్నాడు. అంతలో కోయిలకుంట్ల బస్సు వచ్చింది.