కురిడీలు దిగిన రేవులో తలనూనె చరిత్ర

పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో మగవాళ్లు తలకు రాసుకునే నూనెల్లో రోలండ్ వారి మకాసర్ నూనెకున్న పేరు మరి దేనికీ లేదు. 1819లో అచ్చయిన తన కావ్యంలో ఇంగ్లీషు కవి బైరన్ దాన్ని వెక్కిరించాడంటే ఆ పేరు ఎంత దూరం పాకిందో ఊహించుకోవచ్చు. కుర్చీల వీపులకు ఆ నూనె జిడ్డు అంటకుండా ఇంగ్లీషు ఇల్లాళ్లు అల్లిక గుడ్డలు కప్పడం మొదలుపెట్టారు. అందులోని సరుకులు సెలెబిస్ దీవిలోని మకాసర్ రేవు నుంచి వస్తాయని అమ్మేవాళ్లు చెప్పుకున్నారు. ఆ కాలపు తయారీ పుస్తకాలు తిరగేస్తే మాత్రం బాదం నూనెనో ఆలివ్ నూనెనో ఒక వేరుతో ఎర్రబరిచి, వాసన దట్టించి, దానికే మకాసర్ అని పేరు పెట్టమన్న సూత్రాలు కనిపిస్తాయి. అసలు మకాసర్ వైపు నుంచి బుగిస్ వర్తకుల పడవలు ఏటా గాలివాటు చూసుకుని సింగపూర్‌లోని కాంపొంగ్ గ్లామ్ తీరానికి వచ్చేవి. వాళ్ల సరుకు వేరు, లండన్ సీసాలోని సరుకు వేరు. ఊరి పేరునే మందుగా అమ్మే ఈ విద్య ఇంకా పాతబడలేదు. ఇవాళ సింగపూర్‌లోని సెరంగూన్ రోడ్డు దుకాణాల్లో ‘సంప్రదాయం’, ‘సహజం’, ‘మూలికలు’ అన్న మాటలు చేస్తున్నది ఆ పనే.

తలకు రాసుకునేవాటిని ‘మనవి–పరాయివి’, ‘సహజం–రసాయనం’ అని రెండు గూళ్లలో సర్దే అలవాటు సింగపూర్ చరిత్ర ముందు నిలవదని నా వాదన. ముందు కొబ్బరినే చూద్దాం. జాజికాయ తోటలు తెగులు పట్టి పోయాక ఆ దీవి తూర్పు తీరంలో, కటోంగ్ ప్రాంతంలో, కొబ్బరి తోటలు విస్తరించాయి. పోలీసు అధిపతిగా పనిచేసిన థామస్ డన్‌మన్‌కు అక్కడ గ్రోవ్ ఎస్టేట్ అనే పెద్ద తోట ఉండేది. కానీ సింగపూర్ బలం తోట కాదు, రేవు. మలయా నుంచీ డచ్చి వాళ్ల దీవుల నుంచీ ఎండు కొబ్బరి ఓడల్లో వచ్చి అక్కడ దిగి, మళ్లీ ఐరోపాకు ఎక్కేది. 1904లో లిమ్ పెంగ్ సియాంగ్ నెలకొల్పిన హో హాంగ్ సంస్థ బియ్యం మరలు, ఓడలతో పాటు నూనె మరలు కూడా నడిపింది. ఈ కొబ్బరి వెనుక తెలుగువాళ్ల చెమట కూడా ఉంది. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మలయాకు వెళ్లిన కూలీల్లో చాలామంది పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో కొబ్బరి తోటల్లో కుదురుకున్నారు. వాళ్లు వలిచి ఎండబెట్టిన కొబ్బరిలాంటిదే సముద్రం దాటి, సబ్బు కట్టలై, విదేశీ సరుకుగా ఆసియా బజార్లకు తిరిగొచ్చింది. ఆ సబ్బు ‘మనదా’, ‘పరాయిదా’?

సబ్బు తర్వాత వచ్చిన షాంపూతో ఈ చిక్కు ఇంకా ముదిరింది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. ఆయిల్‌పామ్ గింజ లోపలి పప్పు నూనెలోనూ అంతే. ఆ ఆమ్లాన్ని ఆల్కహాలుగా మార్చి, గంధకామ్లపు అంశను తగిలిస్తే వచ్చేదే ఇవాళ అందరూ భయపడే సోడియం లారిల్ సల్ఫేట్. 1930ల్లో ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ ‘డ్రీన్’ అనే షాంపూతో ఈ తరహా నురగను బజారుకెక్కించింది. ఇప్పుడు పామాయిల్ నుంచి ఇలాంటి ముడిపదార్థాలు తీసే విల్మర్, ముసిం మాస్ లాంటి సంస్థల ప్రధాన కార్యాలయాలు సింగపూర్‌లోనే ఉన్నాయి. అంటే ఒకే అరలో పక్కపక్కన నిలబడి పోట్లాడుకుంటున్న కొబ్బరినూనె సీసా, సల్ఫేట్ షాంపూ సీసా దగ్గరి చుట్టాలే.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది: చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన సల్ఫేట్ మెత్తనిదవుతుందా? కాదు. చర్మం ఎంత మండుతుందో కొలిచే పరీక్షల్లో చర్మవైద్యులు ప్రమాణంగా వాడేది ఆ లారిల్ సల్ఫేట్‌నే. దాని తమ్ముడు లారెత్ సల్ఫేట్ కాస్త మెత్తన. ఆ మెత్తదనం ఇచ్చిన ఇథిలీన్ ఆక్సైడ్ మాత్రం మామూలుగా పెట్రోలియం నుంచి వస్తుంది! చెట్టు వాటా ఎక్కువున్నది మండించి, పెట్రోలియం వాటా కలిసినది శాంతించిందంటే, పుట్టుకను బట్టి గుణం చెప్పడం కుదరదన్నమాట. అభ్యంతరం నా వాదనకే బలం ఇస్తోంది.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. తరాల అనుభవం కూడా పరీక్షే కదా, కుంకుడుకాయ నిలిచింది అందుకే కదా అంటారు. నిజమే. కుంకుడులోని సాపోనిన్లు నురగనిస్తాయి, జిడ్డును పట్టి లాగుతాయి. ఆ రసం కొంచెం ఆమ్లగుణం కలది. సబ్బు క్షారం. పైగా ఉప్పునీటి బావుల ఊళ్లలో సబ్బు జుట్టు మీద తెల్లటి తెట్టు మిగులుస్తుంది, కుంకుడు మిగల్చదు. ఇది అనుభవం తేల్చిన మంచి తీర్పు. కానీ అదే అనుభవం కుంకుడు రసం కంట్లో పడితే ఏమవుతుందో కూడా చెబుతుంది, తలంటు రోజున పిల్లల ఏడుపు తెలియని తెలుగిల్లు ఉండదు. ఇక సీకాయ పేరుతో సబ్బు చేస్తే అది ముందు సబ్బు, తర్వాతే సీకాయ. క్షారగుణమూ తెట్టూ దానితోనే వస్తాయి. సంప్రదాయం పరీక్షించింది కాయ రసాన్ని, కాయ బొమ్మను కాదు.

ఆ సంప్రదాయమైనా ఇంటి పెరట్లోంచే రాలేదు. తలంటు తర్వాత జుట్టు ఆరబెట్టే సాంబ్రాణి పొగ కంటే ‘మనది’ అనిపించేది ఏముంది? అసలు సాంబ్రాణి సుమత్రా అడవుల్లోని చెట్ల బంక. పందొమ్మిదో శతాబ్దంలో అది పాలెంబాంగ్ లాంటి రేవుల నుంచి సింగపూర్, పెనాంగ్ చేరి, అక్కడి వర్తకుల చేతుల మీదుగా మిగతా ఆసియాకు వెళ్లేది. బాలింత జుట్టుకు వేసే పొగలో కూడా ఓడ ప్రయాణం ఉందన్నమాట. ఇది సంప్రదాయాన్ని తక్కువ చేయడం కాదు. మన పెద్దలు ఎక్కడిదైనా పనికొచ్చేదాన్ని తెచ్చుకుని వాడారు, అంతే.

పుట్టుక కాకపోతే మరి దేన్ని పోల్చాలి? 2003లో రేలే, మోహిలే అనే పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ మూడింటినీ వెంట్రుకల మీద పరీక్షించారు. ప్రొటీన్ నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. లారిక్ ఆమ్లపు గొలుసు పొట్టిగా, తిన్నగా ఉండి వెంట్రుక లోపలికి దూరగలగడం వల్లనని వాళ్ల వివరణ. వాళ్లు కొబ్బరినూనె అమ్మే మారికో సంస్థ ఉద్యోగులన్నది మరిచిపోకూడదు. అయితే ఆ వివరణలో తర్కం ఉంది. వెంట్రుకకు మేలు చేసిందల్లా మాడుకూ మేలు చేస్తుందనుకుంటే మాత్రం పొరపాటే. చుండ్రుతో ముడిపడిన మలసేజియా అనే శిలీంధ్రం కొవ్వు ఆమ్లాలను తిని బతుకుతుంది. చుండ్రు తలకు నూనె పట్టించడం చాలాసార్లు దానికి విందు పెట్టడమే. ఇటు ఉసిరి బొమ్మతో వచ్చే కొన్ని నూనెల్లో మొదటి పేరు మినరల్ ఆయిల్. అటు మగవాళ్ల అలంకరణలో 1928లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన బ్రిల్‌క్రీమ్ కూడా మినరల్ ఆయిల్‌దే. ఊళ్లు వేరు, బొమ్మలు వేరు, పీపా ఒకటే.

ఈ సంగతులు కొనేవాడికి కనబడేలా చేసింది చట్టం. 2003లో ఆసియాన్ దేశాలు సౌందర్య సాధనాల నియమాలను ఏకం చేసే ఒప్పందం చేసుకున్నాయి. 2008 నుంచి సింగపూర్‌లో హెల్త్ సైన్సెస్ అథారిటీ వాటిని అమలు చేస్తోంది. పదార్థాలన్నీ బరువు తగ్గే వరుసలో, మొక్కలైతే శాస్త్రీయ నామంతో, సీసా మీద రాయాలి. చీటీ చదవడం మామూలు మనిషి వల్ల కాదని, లాటిన్ పేర్లు ఇంకో మాయేనని కొందరి విసుగు. కొంతవరకు ఒప్పుకోవాలి. పైగా ఒక శాతం లోపు ఉన్నవాటిని ఎలాగైనా పేర్చుకోవచ్చు, కాబట్టి చిటికెడు మందారాన్ని ముందుకు నెట్టే వీలు తయారీదారుకు ఉంది. కానీ అదే చట్టం ఫినాక్సీఇథనాల్ అనే నిల్వ పదార్థం ఒక శాతం మించకూడదని కూడా అంటుంది. చాలా షాంపూల మీద ఆ పేరు ఉంటుంది. దాని తర్వాత కుంకుడు, సీకాయ, ఉసిరి, భృంగరాజ్ ఎన్ని వరుసకట్టి ఉన్నా, వాటిలో ఏ ఒక్కటీ నూటికి ఒక పాలు దాటదు.