కొండ దిగిన సఫారీ

మా మామ బండి మల్లయ్యకొండ దారిలో పడలేదు. తారురోడ్డు మీద పడింది. తంబళ్లపల్లెలో ఇప్పటికీ చాలామంది కొండ దగ్గరే పోయిందనుకుంటారు. కొండకు ఆ నింద వద్దు.

కొండ పాదాన మామకు టమోటా తోట ఉండేది. తోటకు పోయే బాటంతా గుండ్రాళ్లు, నడిమధ్య ఒక వంక. వానలు పడితే ట్రాక్టరు తప్ప ఏ బండీ దాటదు. 2016లో ఒక కాపు బాగా కలిసొచ్చి, టాటా సఫారీ స్టార్మ్ కొన్నాడు. వేరికార్ 400 ఇంజన్, ఫోర్ బై ఫోర్ రకం. 156 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్లు. నిండా జనాన్ని ఎక్కించుకుని కూడా మదనపల్లె రోడ్డులో లారీని ఒక్క ఊపున దాటేది. ముందర చిన్న నాబ్ ఉండేది. తిప్పితే నాలుగు చక్రాలకూ బలం అందేది, ఇంకో మెట్టు తిప్పితే బండి ఏనుగులా నెమ్మదించి ఎంత ఎత్తయినా ఎక్కేది. మరుసటి ఏడు సైన్యం జిప్సీల స్థానంలోకి 3,192 స్టార్మ్‌లు తీసుకుంటోందని పేపర్లో పడితే, ఆ ముక్క కత్తిరించి బండి అరలో పెట్టుకున్నాడు.

మొదట చేయించిన మార్పులు ఇప్పుడు తలచుకున్నా నాకు ముచ్చటే. కంపెనీ ఇచ్చిన 17 అంగుళాల చక్రాలు తీయించి 16 అంగుళాలవి వేయించాడు. చక్రం చిన్నదైతే టైరు గోడ ఎత్తవుతుంది, రాయి తగిలినప్పుడు ఆ రబ్బరే వంగి దెబ్బ కాచుకుంటుంది. ఏ దారికైనా పనికొచ్చే గళ్ల టైర్లు, 245/75 సైజు. వాటితో బండి రెండు సెంటీమీటర్ల లోపే పైకి లేచింది. రాళ్లకు ఒరుసుకునే పక్క మెట్లు విప్పేశాడు. ఇంజన్ కింద దిట్టమైన రేకు, చాసీకి ముందూ వెనకా లాగుడు కొక్కేలు బిగించాడు. అంతే. రాళ్ల బాట మొదట్లో టైర్లలో గాలి కొంచెం తగ్గించేవాడు, తారురోడ్డెక్కేముందు మళ్లీ పట్టించేవాడు. "బండిని తోలకూడదురా అబ్బోడా, నడిపించుకుంటా పోవల్ల" అనేవాడు. రెండేళ్లు ఆ బాట మీద ఒక్కసారీ ఇరుక్కోలేదు. శివరాత్రికి ముసలోళ్లను కొండ కిందిదాకా చేర్చింది ఆ బండే.

అక్కడ ఆగి ఉంటే...

బెంగళూరు నుంచి వచ్చినవాళ్ల ఎత్తు బండ్లు చూశాక మామ మనసు నిలవలేదు. స్ప్రింగుల కింద దిమ్మెలు వేయించి రెండంగుళాలు లేపాడు. లేపాక టైర్లు చిన్నగా కనబడ్డాయి, 33 అంగుళాలవి వేయించాడు. అవి మడ్‌గార్డుకు తగిలాయి, మడ్‌గార్డు కోయించాడు. ముందర ఇనుప బంపరు. అలాంటివి బిగించడం 2017 డిసెంబరులోనే కేంద్రం నిషేధించిందని చెప్పినా వినలేదు. టాపు మీద క్యారియర్, దానిమీద స్పేర్ టైరు, దీపాలు. ఒకటి చేస్తే అది ఇంకోటి అడిగేది. ఎత్తు పెరిగి ముందు యాక్సిళ్లు ఏటవాలయ్యాయి, వాటి రబ్బరు బూట్లు చినిగాయి, గ్రీజులోకి ఇసుక చేరింది. లారీలను దాటిన బండి టైర్ల బరువుకు ఆయాసపడింది. ఉన్న బ్రేకులే ఆ బరువును ఆపాల్సి వచ్చింది. స్పీడోమీటరు కూడా అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. కంపెనీ ఇచ్చిన టైర్లకన్నా ఇవి పది సెంటీమీటర్లు పెద్దవి. ముల్లు 80 చూపితే బండి 91లో పోతున్నట్టు.

2019 జనవరి 9న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చరాదని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది అదేనని. పేపరు తీసుకుని పోయి చూపించాను. మామ చదివి, మడిచి, సైన్యం వార్త ఉన్న అరలోనే పెట్టాడు.

ఆ వేసవిలోనే మండీలో లెక్క చూసుకుని వస్తున్నాడు. మలుపు తిరగ్గానే గొర్రెల మంద. ముల్లు చూసి ఆగుతుందనుకున్నాడు. స్టీరింగు తిప్పాడు. టాపు మీది బరువు బండిని ఒక పక్కకు లాగేసింది. గొర్రెలకు ఏమీ కాలేదు. మామ కుడికాలు మళ్లీ సరిగ్గా మడవలేదు. ఆర్సీలో లేని మార్పులంటూ బీమా పైసా రాలేదు. అప్పు తీర్చడానికి తోటలో సగం పోయింది.

అదే ఏడాది స్టార్మ్ తయారీ ఆగిపోయింది. 1998లో మొదలైన ఆ గట్టి చాసీ బండ్ల వరస దాంతో తెగింది. 2021లో సఫారీ పేరు తిరిగొచ్చింది గానీ, ముందు చక్రాలకే బలం, ఫోర్ బై ఫోర్ లేదు. షోరూములో దాని తలుపు తీసి మామ మొదట వెతికింది ఆ నాబ్ కోసమే.

పాత ఇనుము కొనేవాడు బండిని తూకానికి పట్టుకుపోయినరోజు మామ ఒక్క వస్తువు ఉంచుకున్నాడు. దిమ్మె కాదు, దీపం కాదు. మొదట వేయించిన 16 అంగుళాల చక్రం ఒకటి షెడ్డులో మిగిలిపోయింది, అది. ఇప్పుడు తోట గట్టున దాని మీదే కూర్చుని, కాలు చాపుకుని కొండకేసి చూస్తుంటాడు. వంక దాటి ట్రాక్టర్లు పోతుంటాయి.