పీహెచ్‌పీలో ఫేటల్ ఎర్రర్లు, అవుట్‌పుట్ బఫర్: చారిత్రక పరిశీలన

పరిచయం

ఒక పరీక్షా ఫలితాల పేజీ తెరిచారనుకోండి. నూరు పేర్లు రావలసిన చోట నలభై మాత్రమే వచ్చి జాబితా ఆగింది. దోష సందేశం ఏదీ లేదు. మిగిలినవారు తప్పారా, ప్రోగ్రామ్ మధ్యలో ఆగిందా? చూసేవారికి తెలియదు. సర్వర్ మాత్రం అంతా సవ్యమేనని చెప్పే 200 కోడ్‌ను అప్పటికే పంపేసింది. ఇలాంటి అరకొర పేజీ రాకుండా పీహెచ్‌పీ భాషలో ఏ ఏర్పాట్లు, ఏ క్రమంలో వచ్చాయో ఈ భాగంలో తెలుసుకుందాం.

తొలి దశ

రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత వెబ్ పేజీల కోసం రాసుకున్న పనిముట్లను 1995లో విడుదల చేశాడు. జీవ్ సురాస్కీ, ఆండీ గుట్మాన్స్ ఇంటర్‌ప్రిటర్‌ను తిరిగి రాయగా 1998లో మూడో వెర్షన్ వెలువడింది. హెచ్‌టీటీపీ నియమం ప్రకారం హెడర్లు ముందు, పేజీలోని విషయం తరువాత వెళ్ళాలి. విషయంలో ఒక్క అక్షరం బయటికి వెళ్ళినా, హెడర్లు వెళ్ళిపోయినట్లే. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

బఫర్ రాక

2000 మే నెలలో నాలుగో వెర్షన్ జెండ్ ఇంజన్‌తో వచ్చింది. దానిలోని 'ఓబీ స్టార్ట్' ఫంక్షన్ అవుట్‌పుట్‌ను వెంటనే పంపకుండా మెమరీలో నిలిపి ఉంచుతుంది. అయితే సమస్య పూర్తిగా తీరలేదు. మనం రాసుకున్న ఎర్రర్ హ్యాండ్లర్‌ను ఫేటల్ ఎర్రర్ పిలవదు. పైగా ఇంటర్‌ప్రిటర్ పని ముగించేటప్పుడు బఫర్‌లో ఉన్నదంతా బ్రౌజర్‌కు పంపేస్తుంది. అందువల్ల కొందరు ప్రోగ్రామర్లు బఫర్‌కు ఒక కాల్‌బ్యాక్ జతచేసి, బయటికి వెళ్ళే పాఠంలో 'ఫేటల్ ఎర్రర్' అన్న మాటల కోసం వెతికేవారు. ఆ మాటలు పేజీలో మామూలుగా ఉన్నా ఈ ఉపాయం పొరబడేది.

ముగింపు క్రమమే ఆధారం

2004లో ఐదో వెర్షన్ ఎక్సెప్షన్లను తెచ్చింది. కానీ లేని ఫంక్షన్‌ను పిలిస్తే అప్పటికీ ఫేటల్ ఎర్రరే. 2006లో వచ్చిన 5.2 వెర్షన్‌లో చివరి దోషాన్ని తెలిపే ఫంక్షన్ చేరింది. ఇక్కడ ఇంటర్‌ప్రిటర్ ముగింపు క్రమాన్ని గుర్తుంచుకోండి:

1. షట్‌డౌన్ ఫంక్షన్లు నడుస్తాయి.
2. డిస్ట్రక్టర్లు నడుస్తాయి.
3. బఫర్లు ఖాళీ అవుతాయి.

షట్‌డౌన్ ఫంక్షన్ మొదట నడుస్తుంది కాబట్టి, అందులో చివరి దోషాన్ని పరిశీలించి, బఫర్‌ను చెరిపి, 500 కోడ్‌తో వేరొక పేజీ పంపవచ్చు. అప్పటివరకు ఏదీ బయటికి వెళ్ళి ఉండకూడదన్నదే షరతు.

2015 తరువాత

2015 డిసెంబరులో వచ్చిన ఏడో వెర్షన్ చాలా ఫేటల్ ఎర్రర్లను 'ఎర్రర్' తరగతి ఆబ్జెక్టులుగా మార్చింది. వాటిని 'క్యాచ్' చేయవచ్చు. చేయకపోతే మళ్ళీ ఫేటల్ ఎర్రరే. మెమరీ పరిమితి, కాలపరిమితి దాటడం మాత్రం ఫేటల్ ఎర్రర్లుగానే మిగిలాయి. కనుక షట్‌డౌన్ పద్ధతి అవసరం తీరిపోలేదు.

సారాంశం

అసలు రాని పేజీ కన్నా సగం వచ్చిన పేజీ ఎక్కువ ప్రమాదకరం; మొదటిదాన్ని చూసినవారు మళ్ళీ ప్రయత్నిస్తారు, రెండోదాన్ని నమ్ముతారు. బఫర్ మనకు వ్యవధిని మాత్రమే ఇస్తుంది. ఆ వ్యవధిలో ఏం చేయాలో ప్రోగ్రామరే ముందుగా రాసి ఉంచాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బఫర్ ఉన్నప్పటికీ అసంపూర్ణ పేజీ బ్రౌజర్‌కు ఎందుకు చేరుతుంది?
2. బఫర్లు షట్‌డౌన్ ఫంక్షన్ల కన్నా ముందే ఖాళీ అయితే ఏమవుతుందో వివరించండి.