మూడు ఎంలు, మోయలేని వాట్లు

అలిపిరి దారిలో తిరుమలకు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు నుంచైతే 2,388. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు గోవిందా అంటూ అలిపిరిలోనే పరుగందుకుంటారు. గాలిగోపురం చేరేసరికి చొక్కాలు పిండుకుంటూ చతికిలబడతారు. నింపాదిగా ఎక్కుతున్న ముసలమ్మ వాళ్లను దాటుకుని వెళ్లిపోతుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల చరిత్ర తిరగేస్తుంటే నాకు ఆ కుర్రాళ్లే గుర్తొస్తారు.

ఆ చరిత్ర మొదట్లో మన ప్రాంతం మనిషి ఒకరున్నారు. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. గిండీలో ఇంజినీరింగ్, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్, 1994లో ట్యూరింగ్ అవార్డు. 1980ల తొలినాళ్లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయనా, సహచరులూ కలిసి, పరిశోధకుడి బల్లమీద ఉండాల్సిన కంప్యూటర్‌కు కొలతలు గీశారు: సెకనుకు పది లక్షల ఆదేశాలు, పది లక్షల బైట్ల మెమరీ, తెరమీద పది లక్షల చుక్కలు. మూడూ ‘మెగా’లే కాబట్టి ‘త్రీ ఎం’ అన్నారు. ధర పది వేల డాలర్లు, అంటే పది లక్షల పెన్నీలు. అది నాలుగో ఎం అని చమత్కారం. 1988లో స్టీవ్ జాబ్స్ తెచ్చిన నెక్స్ట్ కంప్యూటర్ వెనక ఉన్నదీ ఈ లెక్కే.

కరెంటు ఎంత తాగుతుందన్నది మాత్రం ఆ జాబితాలో లేదు. అది వాళ్ల తప్పు కాదు, అప్పట్లో ప్లగ్గు గోడలోనే ఉండేది.

కంప్యూటర్ ఒళ్లోకి వచ్చాక అసలు తంటా మొదలైంది. చిప్ వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి. కరెంటు ఖర్చు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గం లెక్కన పెరుగుతుంది. రెండూ పది శాతం పెంచితే ఖర్చు దాదాపు 33 శాతం ఎగబాకుతుంది. అదంతా వేడై తొడలు కాలుస్తుంది.

అయినా 2000 ప్రాంతంలో అందరికీ గిగాహెర్ట్జ్ పిచ్చే. ఆ పిచ్చి కాస్త వదిలించింది 2003లో వచ్చిన ఇంటెల్ పెంటియం ఎం. ఇజ్రాయెల్‌లోని హైఫా బృందం చేసిన చిప్ అది. వేగం 1.6 గిగాహెర్ట్జ్, గరిష్ఠ వేడి లెక్క 24.5 వాట్లు. అంతకుముందు 2.4 గిగాహెర్ట్జ్ పెంటియం 4-ఎంకు 35 వాట్లు. డబ్బా మీది అంకె చూసేవాళ్లకు ఇది వెనకడుగే. పని అప్పజెబితే మాత్రం చాలా చోట్ల పాతదాని సరసనే నిలిచింది. 2020లో ఆపిల్ ఎం1 ఇంకో అడుగు వేసింది: బరువు పనులకు నాలుగు కోర్లు, చిల్లర పనులకు నాలుగు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే తీసేశారు.

అలాగని తక్కువ వాట్లున్నదల్లా పొదుపరి కాదు. 15 వాట్లతో 100 సెకన్లు పనిచేస్తే 1,500 జౌళ్లు. అదే పని 30 వాట్లతో 40 సెకన్లలో ముగిస్తే 1,200. ముగించి పడుకునేదే నయం. పోల్చేటప్పుడు ప్లగ్గు తీసేసి, రెండిటికీ ఒకే పని అరగంట పాటు ఇచ్చి చూడాలి. మొదటి నిమిషంలో ఉరకలేసి, వేడెక్కగానే నీరసించే చిప్‌లు అప్పుడు బయటపడతాయి.

2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డే. ఇడుపులపాయ, నూజివీడు, బాసర క్యాంపస్‌లలో పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. మూడు ఎంల జాబితాకెక్కని వాట్లు, సెలవులకు ఇంటికెళ్లిన పిల్లల ఊళ్లో కరెంటు పోయిన ప్రతిసారీ లెక్కకొచ్చాయి.