సూరతు రేవునుండి సింఫనీ వేదికకు

సూరతు పేరు వినగానే తెలుగువారికి నేడు స్ఫురించునది మగ్గము. తెలంగాణ జిల్లాలనుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు పోయిన పద్మశాలి కుటుంబములు ఎన్నియో ఆ నగరమున స్థిరపడియున్నవి. నూలుతోను, జరీతోను, వజ్రములతోను ముడిపడిన ఆ యూరికి పాశ్చాత్య సంగీతముతో ఏమి పొత్తు అని ఎవరైనను అడుగవచ్చును. పశ్చిమతీరమున సింఫనీ వాద్యబృందము వెలసిన చోటు బొంబాయి; అందు సందేహము లేదు. కాని ఆంగ్లేయుల వాద్యములు మొగలు దర్బారునకు పోవుటకై ఓడలనుండి దిగిన రేవు సూరతు. బొంబాయిలో ఆ సంగీతమును చేపట్టి పోషించిన పార్సీ సమాజములో పెక్కుమంది పూర్వులు విడిచివచ్చిన సీమయు సూరతు సీమయే. వాద్యములు దిగిన నాటికిని వాద్యబృందము పుట్టిన నాటికిని నడుమ మూడువందల ఏండ్లకు పైగా గడచినవి. ఇంత జాగేల అయినదను ప్రశ్నకు సమాధానములోనే ఈ చరిత్ర అంతయు ఇమిడియున్నది.

1612లో కెప్టెన్ థామస్ బెస్ట్ సూరతు సమీపమున సువాలీ కడ పోర్చుగీసు నౌకల నెదిరించి నిలిచెను. తరువాత కంపెనీవారికి సూరతున వర్తకశాల నెలకొల్పుకొను అనుమతి లభించెను. మరుసటి ఏట పాల్ కానింగ్ అను వర్తకుడు చక్రవర్తి దర్శనమునకై ఆగ్రాకు పయనమాయెను. ఆ పరివారములో ఇద్దరు వాదకులు ఉండిరి. కానింగ్ బంధువైన లాన్సెలట్ కానింగ్ వర్జినల్ వాయించువాడు; అది మెట్లు నొక్కగా తీగెలు మ్రోగు చిన్న పెట్టెవాద్యము. రెండవవాడు రాబర్ట్ ట్రల్లీ. వానిది కొయ్యతో చేసి తోలు చుట్టిన కార్నెట్ అను ఊదువాద్యము. నికొలస్ విథింగ్టన్ అను తోటివర్తకుడు వ్రాసిపెట్టిన వృత్తాంతమును బట్టి చూడగా జహంగీరునకు ట్రల్లీ వాదనము మిక్కిలి నచ్చెను. అట్టి వాద్యములనే చేయుడని పనివాండ్రకు ఆజ్ఞాపించెను. తన గాయకులలో ఒకనిని నేర్చుకొనుమని నియోగించెను. వర్జినల్‌ను మాత్రము ఎవరును పాటింపలేదు. ఆ మనోవ్యథతోనే లాన్సెలట్ కానింగ్ మరణించెనని కొందరు తలచిరట. ట్రల్లీ కథ వేరు దారి పట్టినది. అతడు దక్కనుకు పోయి, అచ్చటి సుల్తాను కొలువున చేరి, మతము మార్చుకొని, క్రొత్త పేరుతో జీతము పుచ్చుకొనుచు ఉండిపోయెను. దక్కనీ దర్బారున ఆ కొమ్ము ఎవరి పాటకు తోడుగా మ్రోగినదో ఊహించుట ఒక వేడుక.

1615లో సర్ థామస్ రో రాయబారిగా సువాలీలో దిగినపుడు మరల ఒక వర్జినల్‌ను, దానిని వాయించుటకు థామస్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను వానిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ కానుకలలో ఒక గుఱ్ఱపుబండియు కలదు. జహంగీరు బండి లోపలి మెత్తలను ఊడబెరికించి తన అభిరుచికి తగిన బట్ట వేయించెను. అట్టి బండిని మరియొకటి చేయించెను. వర్జినల్‌కు అంతటి భాగ్యము పట్టలేదు.

దీనిని మొగలు సభ అభిరుచిలేమిగా ఎంచుట పొరపాటు. తాన్‌సేను స్మృతి ఇంకను పచ్చిగా ఉన్న కొలువది. వచ్చినవి విడివిడి వాద్యములే గాని ఆ సంగీతము కాదు. మన కచ్చేరీలో మృదంగము, వయొలిన్ ప్రధానగాయకుని చెవితో వెన్నాడును. మనోధర్మము దాని ప్రాణము. సింఫనీ బృందములో ఎనుబదిమంది కూర్చుందురు. ఎవరి యెదుట వారి పుట వారికి ఉండును. రచన యంతయు ఒక్కచోట కనబడునది నిర్వాహకునకు మాత్రమే. కావున ఆ బృందమునకు మొదట వలసినది వాద్యము కాదు, వ్రాత. స్వరలిపిని చదువగలవారు అధికసంఖ్యలో ఒక్క నగరమున ఉండవలెను. వారికి అన్నము పెట్టు సంస్థ ఉండవలెను. టిక్కెట్టు కొని వచ్చి నిశ్శబ్దముగా కూర్చుండు శ్రోతలు ఉండవలెను. ఐరోపాలోనే ఆనాటికి అట్టి బృందము ఇంకను రూపు దాల్చలేదు.

ఈలోపల సూరతు భాగ్యము తరిగిపోవుచుండెను. 1664లోను 1670లోను శివాజీ ఆ పట్టణమును కొల్లగొట్టెను. 1687లో కంపెనీవారు తమ ముఖ్యకార్యస్థానమును బొంబాయికి మార్చిరి. 1736లో ఓడలు కట్టు నేర్పుగల లోజీ నసర్వాన్‌జీ వాడియా సూరతునుండి బొంబాయికి తరలెను. 1837లో ఘోరమైన అగ్నిప్రమాదము, ఆ యేడే తాపీ వరద సూరతును క్రుంగదీసినవి. పోయినవారి వెంట ధనము, విద్య, విందువినోదముల పోషణ అన్నియు పోయినవి. బొంబాయిలో పార్సీలు పాశ్చాత్య సంగీతమును మాత్రమే ఆదరించిరనుట సరికాదు. కైఖుష్రూ కాబ్రాజీ 1870లో స్థాపించిన గాయన ఉత్తేజక మండలి హిందూస్థానీ సంగీతమునకు సేవ చేసినది. భాత్‌ఖండే పండితునికి దానితో సంబంధము ఉండెను. ఒకే సమాజము రెండు సంగీతములను చెరియొక చెవితో విన్నదన్నమాట.

సూరతునకు దగ్గరనే యున్న నవసారి, పార్సీ పురోహితుల ఊరు, ఆనాడు బరోడా గాయకవాడుల యేలుబడిలోనిది. ఆ బరోడా సంస్థానములో వేరొక ప్రయత్నము జరిగినది. మైసూరులో కర్ణాటక సంగీతము నభ్యసించి సన్మానము పొందిన మౌలాబక్షు, మూడవ సయాజీరావు ఆదరణమున 1886లో సంగీతపాఠశాల తెరచి, తాను కల్పించిన స్వరలిపితో పాఠములు చెప్పెను. ఆయన కుమారుడు లండనులో సంగీతము చదివి వచ్చెను. తరువాత ఫ్రెడిలిస్ అను పాశ్చాత్యుడు దేశీయవాద్యములతోనే ఒక బృందమును తీర్చెను. పొరుగువారి వాద్యము కాక పొరుగువారి పద్ధతిని తెచ్చుకొన్న ఈ యత్నమునకు చరిత్రకారులు ఇయ్యవలసినంత స్థానము ఇయ్యలేదు. అది సంస్థానాధిపతి అభిమానముపై నిలిచిన పని. ఆ అభిమానము ఉన్నంతవరకే సాగినది.

బొంబాయికి కావలసిన చదువరులు మఱియొక దిక్కునుండి వచ్చిరి. గోవాలోని క్రైస్తవాలయముల పాఠశాలలు పల్లెటూరి బాలురకును స్వరలిపి నేర్పుచు వచ్చినవి. ఆ చదువు చదివినవారు కూటికై బొంబాయి చేరి, పోలీసు బ్యాండులలోను, హోటళ్ళలోను, మూకీచిత్రములు ఆడు శాలలలోను వాయించిరి. 1930 తరువాత నాజీల బాధకు ఓర్వలేక ఐరోపానుండి వచ్చిన యూదు కళాకారులు వీరితో కలసిరి. 1934లో వచ్చిన వాల్టర్ కౌఫ్‌మన్ వారిలో ఒకడు. ఆయన బొంబాయి ఆకాశవాణిలో 1937 మొదలు 1946 వరకు పాశ్చాత్యసంగీతశాఖను నడపెను. దేశమంతయు తెల్లవారుజామున విన్న ఆకాశవాణి సంకేతనాదము ఆయన కూర్చినదే యనియు, అందలి వయొలిన్ మెహ్లీ మెహతాది యనియు చెప్పుదురు.

మెహ్లీ మెహతా 1908లో బొంబాయిలో పుట్టిన పార్సీ. పట్టభద్రుడైనది వాణిజ్యశాస్త్రమున, మనసు మాత్రము వయొలిన్‌పై. ఆయన 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించెను. అందు తీగెవాద్యములు చేపట్టినవారు పార్సీలు, గోవావారు, విదేశీయులు. ఊదువాద్యములకు నౌకాదళపు బ్యాండువారిని బతిమాలి తెచ్చుకొనవలసివచ్చెడిది. పగలు వేరు ఉద్యోగములు చేసికొనువారు పెక్కుమంది. అభ్యాసము లనేకము మెహతాల ఇంటిలోనే. 1936లో పుట్టిన జూబిన్ ఆ చప్పుడు మధ్యనే పెరిగెను. వాద్యకారులకు పుటలు పంచుటయే ఆ బాలుని తొలి కొలువు. మెహ్లీ తొలి పదేండ్లు ప్రథమ వయొలిన్ స్థానమున కూర్చుండి, 1945లో న్యూయార్కు పోయి ఇవాన్ గాలమియన్ వద్ద శిక్షణ పొంది, తిరిగివచ్చి తానే నిర్వాహకుడాయెను. ముప్పదియారేండ్లు దాటిన గృహస్థు, ఇద్దరు కుమారుల తండ్రి, సముద్రములు దాటి శిష్యుడుగా కూర్చుండుట సామాన్యమైన పట్టుదల కాదు.

ఇంత చేసినను ఆ బృందమునకు కాలూనుకొను నేల దొరకలేదు. ప్రభుత్వము దానిని తనదనుకొనలేదు. దాతల కది వేడుక. 1947 తరువాత ఆంగ్లేయులు వెడలిపోయిరి. శరణార్థులు తమతమ దారులు పట్టిరి. కౌఫ్‌మన్ అంతకు ముందే పోయెను. 1954లో జూబిన్ వియన్నాకు చదువునకై వెళ్ళెను. మరుసటి ఏట మెహ్లీ స్వయముగా ఇంగ్లండు చేరి మాంచెస్టరులోని హాలే బృందమున వయొలిన్ పట్టెను. ఒక బృందమునకు నాయకుడైనవాడు మరియొక బృందమున పలువురలో ఒకడయ్యెను! ఆయన వెళ్ళిన పిదప బొంబాయి బృందము అంతరించెను. 1964లో లాస్‌ఏంజెలెస్ చేరిన మెహ్లీ అక్కడ అమెరికన్ యూత్ సింఫనీని స్థాపించి ముప్పదిమూడేండ్లు యువకులకు శిక్షణ ఇచ్చెను. బొంబాయిలో ఆయనకు వలసినదియు అట్టి పాఠశాలయే. అది లేకనే ఇచ్చట ఏటేట వాద్యకారులను అప్పు తెచ్చుకొనవలసివచ్చెను.

బృందము పోయినను వాదకులు పోలేదు. సినిమా వారిని చేరదీసినది. బాణీ కట్టు దర్శకులలో పెక్కుమందికి పాశ్చాత్య స్వరలిపి రాదు. అందుచేత దానిని పలువాద్యములకు పంచి వ్రాసిపెట్టు పని సెబాస్టియన్ డిసౌజా వంటి గోవావారి చేతులలో పడెను. తెరపై వారి పేర్లు కనబడుట అరుదు. వారిలో ఆంథొనీ గొన్‌సాల్వెస్ ఈ మరుగునకు తృప్తిపడక, 1958లో ఇండియన్ సింఫనీ ఆర్కెస్ట్రా అను పేర పెద్దబృందమును కూర్చి, సెయింట్ జేవియర్ కళాశాల ఆవరణమున రాగములపై తాను కట్టిన రచనలు వినిపించెను. లతా మంగేష్కరు, మన్నా డే గాయకులుగా పాల్గొనిరి. పోషకులు లేక ఆ పనియు నిలువలేదు. ఆయన అమెరికాకు పోయెను. శిష్యుడు ప్యారేలాల్ కూర్చిన ‘అమర్ అక్బర్ ఆంథొనీ’ (1977) పాటలో ఆయన పేరు పల్లవియై దేశమంతట మారుమ్రోగినది. ఆ పేరుగల మనిషి నిజముగా ఒకడున్నాడని వినినవారిలో ఎందరెరుగుదురు?

బరోడా తలపు మాత్రము ఢిల్లీలో మరల చిగిర్చెను. 1952లో ఆకాశవాణి, రవిశంకరు, టి.కె. జయరామయ్యరు నాయకత్వమున వాద్యబృందమును ఏర్పరచెను. దేశీయ వాద్యములు, రాగములు; కాని వ్రాసిన రచన, నిర్వాహకుడు, సామూహిక క్రమము. ద్రాక్షారామమున పుట్టిన ఈమని శంకరశాస్త్రి పిదప ఆ వాద్యబృందమునకు సారథియై రచనలు చేసెను. గమకప్రధానమైన వీణను చేపట్టినవాడు పలువురి వాద్యములకు ఒక్కతీరున స్వరము వ్రాయుట యెంత కష్టమో వైణికులకే తెలియును; ఒక గమకమును పదిమంది పలికినచో అది పదిరీతుల మలుపు తిరుగును. సినిమా వాద్యబృందములతో జెమినీ స్టూడియోలో పనిచేసిన అనుభవము ఆయనకు అక్కరకు వచ్చియుండును. ఈ బృందమునకు జీతమిచ్చునది ప్రభుత్వసంస్థ. మెహ్లీకిని గొన్‌సాల్వెసుకును లభింపనిది ఇదియే.

బొంబాయిలో సింఫనీకి స్థిరమైన ఇల్లు చాలకాలమునకు కుదిరినది. 1969లో జె.ఆర్.డి. టాటా, జంషెడ్ భాభా పూనికతో ఏర్పడిన జాతీయ ప్రదర్శనకళల కేంద్రము 2006లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాను నెలకొల్పెను. అందుకు పూనుకొన్నవారు కేంద్రాధ్యక్షుడు ఖుష్రూ సంతూక్, కజకిస్థాన్ వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెంగలియెవ్. టాటాల మూలపురుషుడు జంషెడ్‌జీ 1839లో పుట్టినది సూరతు చెంతనున్న ఆ నవసారిలోనే. బృందమున భారతీయుల సంఖ్య స్వల్పము. కచేరీల కాలము రాగానే కజకిస్థాన్‌నుండియు తదితర దేశములనుండియు వాదకులు విమానములలో దిగుదురు. కాలము తీరగానే మరలిపోవుదురు. వారిలో కొందరు మాత్రము బొంబాయిలోనే నిలిచి, 2012లో తెరచిన సంగీతపాఠశాలలో రష్యా పద్ధతిని పిల్లలకు వయొలిన్, సెల్లో, స్వరలిపి నేర్పుచున్నారు.